లిథియం అయాన్ బ్యాటరీల రీసైక్లింగ్

వాడి పారేసిన ఫోన్, ల్యాప్‌టాప్, విద్యుత్ వాహనాల బ్యాటరీల నుంచి కోబాల్ట్, నికెల్, లిథియం, మాంగనీసు, రాగి వంటి లోహాలను తిరిగి రాబట్టే ప్రక్రియ. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో మార్కెట్లోకి తెచ్చింది.

పద్ధతి: ముందుగా బ్యాటరీలో మిగిలిన ఛార్జిని పూర్తిగా దించేస్తారు, లేకుంటే ముక్కలు చేసేటప్పుడు నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ముక్కలను జల్లించి రాగి, అల్యూమినియం రేకులను వేరుచేస్తే నల్లటి పొడి మిగులుతుంది. పరిశ్రమలో దీన్ని 'బ్లాక్ మాస్' అంటారు. ఈ పొడిని సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమంలో వేస్తే లోహాలు కరుగుతాయి, గ్రాఫైట్ కరగదు. కోబాల్ట్, నికెల్‌లను విడదీశాక సోడియం కార్బొనేట్ కలిపి వేడిచేస్తే లిథియం కార్బొనేట్ తెల్లటి పొడిగా అడుగుకు దిగుతుంది. ఆమ్లానికి బదులు కొలిమిలో కరిగించే పద్ధతిలో లిథియం చాలావరకు చిట్టెంలోకి పోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల్లో కోబాల్ట్, నికెల్ ఉండవు కనుక రాబడి తక్కువ.

తెలుగునాట: హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ ఈ బ్యాటరీల రీసైక్లింగ్‌కు ఒక సాంకేతికతను అభివృద్ధి చేసింది.

చట్టం: 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి.