నల్లపూసలూ, కిరసనాయిలు స్టవ్వూ

1996లో చిక్కడపల్లిలో మేడ మీద గదిలోకి దిగేముందు నేను కొన్న సామాను రెండు: కిరసనాయిలు స్టవ్వు, నల్లపూసల గొలుసు. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. ఉద్యోగం ఉంది, పెళ్ళి కాలేదు. నెల రోజులపాటు బర్కత్‌పురా, నల్లకుంట, విద్యానగర్ సందుల్లో ‘టు లెట్’ బోర్డు కనపడిన ప్రతి గేటూ తట్టాను. జీతమెంతని ఒక్కరూ అడగలేదు. ‘‘మీవారేం చేస్తారమ్మా?’’ అనే అడిగారు. లేరంటే, ‘‘మేం ఫ్యామిలీలకే ఇస్తాం’’ అని గేటు వేసేశారు. చివరికి మావారు దుబాయ్‌లో ఉన్నారని అబద్ధమాడాను. గది దొరికింది. ఒకటే గది, మూలన గట్టు, గట్టు మీద స్టవ్వు, పక్కనే బాత్‌రూమ్. ఇప్పుడు దాన్నే స్టూడియో అపార్ట్‌మెంట్ అంటున్నారు.

ఆ గేట్లు వేసినవాళ్ళు ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదని చాలా తర్వాత తెలిసింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన అద్దె గురించీ, ఖాళీ చేయించడానికి ఉండాల్సిన కారణాల గురించీ చెప్తుంది. అవన్నీ ఇంట్లో దిగాక వచ్చే తగాదాలు. రాజ్యాంగం 15వ అధికరణ స్త్రీ అన్న కారణంగా వివక్ష చూపొద్దని చెప్పింది రాజ్యానికి. అదే అధికరణ రెండో క్లాజులో దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్లు ఉన్నాయి గానీ అద్దె ఇళ్ళు లేవు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంది కానీ, గేటు దగ్గరి ప్రశ్న జోలికి పోలేదు. అమెరికాలో 1968లో ఇళ్ళ విషయంలో జాతి, మత వివక్షను నిషేధించినప్పుడు స్త్రీలు గుర్తుకు రాలేదు. లింగం అన్న మాట చేరడానికి 1974 దాకా పట్టింది.

ఒంటరి స్త్రీకి ప్రభుత్వాలూ, పెద్దమనుషులూ చూపించే దారి ఎప్పుడూ హాస్టలే. మన దేశంలో ఉద్యోగినుల హాస్టళ్ళ పథకం 1972-73లో మొదలైంది. న్యూయార్క్‌లో 1927లోనే బార్బిజాన్ అనే ఆడవాళ్ళ హోటల్ కట్టారు. దాదాపు 700 చిన్న చిన్న గదులు. లోపలికి రావాలంటే మంచి నడవడికకి సిఫారసు ఉత్తరాలు తేవాలి. మగవాళ్ళకి పై అంతస్తుల్లో ప్రవేశం లేదు. సిల్వియా ప్లాత్ 1953 వేసవిలో ఉన్నదక్కడే. ఆ గదుల్లో వంట కుదరదు. నేను నాలుగేళ్ళున్న హాస్టల్లోనూ అంతే. రాత్రి ఎనిమిదికి గేటు, గదిలో హీటర్ దొరికితే జరిమానా.

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1898లోనే వంటిల్లు లేని ఇళ్ళు కట్టండి, వంటని వృత్తిగా నేర్చినవాళ్ళకి వదిలెయ్యండి అని రాసింది. నలుగురికీ మూడు పూటలా వండి అలసిన స్త్రీ తరఫున ఆమె మాట్లాడింది. ఆ మాట నాకు కాదనలేనిదే. అయినా రాత్రి పదింటికి నాకొక్కదానికే చారు పెట్టుకోగలగడం ఎంత పెద్ద విషయమో హాస్టల్లో ఉండి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంటావిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక పైకొచ్చి టీ తాగేది. ఒకరోజు, ‘‘దుబాయ్ నుంచి ఒక్క ఉత్తరమూ రాదేం అమ్మాయ్?’’ అంది. నిజం చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘ఆయనకి చెప్పకు’’ అంది. ఇల్లు ఆయన పేరున ఉంది మరి. పుట్టింటి ఆస్తి గురించి అడిగితే నవ్వింది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. కాకపోతే ఆ తేదీకి ముందు పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. ఆవిడ పెళ్ళి 1961లో. పెళ్ళి కాని నాకు హక్కుంది, నలుగురు పిల్లల తల్లికి లేదు! కేంద్ర సవరణతో ఆ తేడా పోయేసరికి 2005 వచ్చింది. అప్పటికే వాళ్ళన్నదమ్ములు పంచేసుకున్నారు.

‘‘నీ ఒక్కదానికే కదా వండుకుంటావు,’’ అంటూ ఆవిడ నా స్టవ్వుని చాలాసేపు చూసేది. ఒకసారి టీ తనే పెట్టింది, నాకూ తనకీ.

ఆయన కోసం మాత్రం ఇంకో మూడేళ్ళు ఆ గొలుసు వేసుకునే మెట్లు దిగాను. ఆదివారాలు ఆవిడ పైకి రాగానే తీసి మేకుకి తగిలించేదాన్ని.