గాలి లెక్క తెలిసినవారు

బొగ్గుగనిలోనికి దిగిన మనిషికి అన్నిటికంటె ముందు కావలసినది గాలి. పైనుండి మంచిగాలి లోపలికి పోవలెను, లోపలి చెడుగాలి బయటికి రావలెను. ఈ పని సరిగా జరుగుచున్నదో లేదో కొలిచి చెప్పుటకు గుణకారము, భాగహారము వచ్చిన మనిషి ఒకడైనను గనిలో ఉండవలెను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఈ సంగతి చట్టమునకు ఎక్కుటకు ముందు చాలమంది ప్రాణములు పోయినవి.

ఆ రాష్ట్రపు ఈశాన్య భాగమున ఆంత్రసైట్ అను గట్టిబొగ్గు పొరలు కలవు. అక్కడి అవన్‌డేల్ గనికి ఒకే ఒక నిలువుబావి ఉండెడిది. లోతు రెండువందల అడుగులకు పైమాటే. ఆ బావిని నడుమ చెక్కల అడ్డుగోడతో రెండు భాగములు చేసినారు. ఒక భాగమునుండి చల్లగాలి దిగును. గని అడుగున మండుచున్న కొలిమి లోపలిగాలిని వేడిచేయగా, అది తేలికపడి రెండవ భాగమునుండి పైకి పోవును. వేడిగాలి పైకి లేచునను విషయము ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలిసినదే. సూత్రములో దోషము లేదు. దోషమంతయు కట్టడములో ఉన్నది. బొగ్గును పగులగొట్టి, రాళ్లు ఏరివేయు పెద్ద కొయ్యభవనమును సరిగ్గా బావి నోటిమీదనే నిలిపినారు. 1869 సెప్టెంబరు 6వ తేదీన బావిలోని చెక్కలకు నిప్పంటుకొన్నది. తరువాత విచారణ జరిపినవారు కొలిమినే కారణముగా చెప్పినారు. మంటలు పైకి ప్రాకి భవనమంతయు కాలి బావిలో కూలినది. గాలి వచ్చుటకు, మనుషులు వెలుపలికి వచ్చుటకు ఉన్న దారి అదొక్కటే.

లోపల చిక్కినవారు 108 మంది. పొగ తమవైపు రాకుండ చేతికి దొరికిన వస్తువులతోను, తమ బట్టలతోను అడ్డుగోడలు కట్టుకొన్నారు. అసంపూర్ణముగా మండిన బొగ్గు, కొయ్యలనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ఆక్సిజనుతో కంటె ఈ వాయువుతో సుమారు 200 రెట్లు గట్టిగా కలియును. కనుక గాలిలో అది కొద్దిగా ఉన్నను మనిషి లోపలినుండి ఊపిరాడనివాడగును. అందరును మరణించినారు. వారిని వెదకుటకు దిగినవారిలో ఇద్దరు చెడుగాలికి బలియైరి. మొత్తము 110 మంది.

ఇందులో మరియొక విచారకరమైన విషయము కలదు. అదే సంవత్సరములో, ఈ ప్రమాదమునకు కొన్ని నెలల ముందే, గనుల తనిఖీకి ఒక చట్టము చేసినారు. అయితే అది ప్రక్కనున్న షూయిల్‌కిల్ కౌంటీకి మాత్రమే పరిమితము. అవన్‌డేల్ ఉన్న లూజర్న్ కౌంటీ దాని వెలుపల ఉండిపోయినది. 1870లో వచ్చిన కొత్త చట్టము గట్టిబొగ్గు గనులన్నింటికిని వర్తించినది. గనికి వేరువేరుగా రెండు మార్గములు ఉండవలెను, గనిపటము తయారుచేయవలెను, తనిఖీ అధికారులను నియమించవలెను అని అది శాసించినది.

రెండవ బావి తవ్వుట దండుగ ఖర్చని తలచిన యజమానులు లేకపోలేదు. బొగ్గు తీయుటకు ఒక బావి చాలును కదా! కాని ఈ లెక్కలో ఒక పద్దు మరచిపోయినారు. మందుపెట్టి బొగ్గును పేల్చిన తరువాత ఆ పొగ పోవువరకు పనివాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. గాలి బాగుగా ఆడు గనిలో ఈ నిరీక్షణ తగ్గును. ఒక బావినుండి దిగి మరియొక బావినుండి వెలువడు గాలిని దూరపు మూలలకు సయితము నడిపించవచ్చును. ప్రాణరక్షణకై తవ్విన బావి పనికిని కలిసివచ్చునని నా అభిప్రాయము.

ఇక్కడ కొత్త చిక్కు వచ్చినది. 1885 చట్టము ప్రకారము గనిలో మేస్త్రీగా ఉండువాడు పరీక్షలో నెగ్గి ప్రమాణపత్రము పొందవలెను. ఇరువది ఏండ్లుగా బొగ్గు తవ్విన అనుభవజ్ఞులకు కొరత లేదు. అయితే వారిలో పలువురు ఎనిమిది, పది ఏండ్ల వయస్సుననే బొగ్గులో రాళ్లు ఏరు పనికి కుదిరినవారు. పైకప్పు ఎప్పుడు కూలునో చప్పుడును బట్టి చెప్పగలరు గాని భిన్నముల కూడిక వారికి రాదు. అట్టివారిని ఎగతాళి చేయుట సులభము. వారికి బడి ఎక్కడ దొరికినదని అడిగినవారు తక్కువ.

అడిగినవారిలో థామస్ ఫోస్టర్ ఒకడు. గనుల వార్తలు ప్రకటించు పత్రికకు ఆయన సంపాదకుడు. పరీక్షకు కూర్చుండువారి ప్రశ్నలకు పత్రికలో సమాధానములు ఇచ్చుచుండెను. ఆ శీర్షికకు వచ్చిన ఆదరణ చూచి, 1891లో స్క్రాంటన్ పట్టణమునుండి తపాలా ద్వారా గనులపని పాఠములు ప్రారంభించినాడు. పాఠములు చిన్న చిన్న పుస్తకములుగా, మొదటి మెట్టునుండి, అంకగణితముతో మొదలగును. విద్యార్థి జవాబులు వ్రాసి పంపగా, దిద్ది తిరిగి పంపుదురు. పగలు గనిలో, రాత్రి దీపము ముందు చదువు. క్రమముగా ఆవిరియంత్రములు, రైళ్లు, విద్యుత్తు మొదలైన ఇతర వృత్తుల పాఠములును చేరినవి. 1910 ప్రాంతమునకు చేరినవారి సంఖ్య పదిలక్షలు దాటినది. పూర్తి పాఠ్యక్రమము ముగించినవారు మాత్రము అందులో చిన్న భాగమే. అయినను ఒక భద్రతాచట్టములోని పరీక్ష నిబంధననుండి ఇంత పెద్ద పాఠశాల పుట్టుట వింత గాదా?

ప్రమాణపత్రముతో అన్నియు చక్కబడినవని చెప్పరాదు. పేలుళ్లు వార్తలకెక్కును గాని, ఎక్కువమందిని చంపినది పైకప్పు కూలుటయే. కప్పుక్రింద దుంగలు నిలుపుటకు సమయము పట్టును. సాధారణముగా కూలి మాత్రము నింపిన బొగ్గుబండ్ల లెక్కన ఇచ్చెడివారు. దుంగ నిలిపిన గంటకు పైసా రాదు. ఉత్పత్తికి డబ్బిచ్చి జాగ్రత్తను ఉచితముగా అడిగిన పద్ధతి ఇది. 1917లో ఈ ప్రాంతమునుండి దాదాపు 10 కోట్ల టన్నుల గట్టిబొగ్గు వెలువడినది. లెక్కలు వ్రాయుట మొదలిడిన 1870 తరువాత ఆ గనులలో మరణించినవారు 30 వేలకు మించుదురు.

1889లో ఇంకొక చట్టము వచ్చినది. రెండేండ్లు సహాయకునిగా పనిచేసినవానికే గనిపనివాడను పత్రము ఇవ్వవలెను. భద్రతకు ఇది అవసరమే. కాని 1902లో లక్షకు పైగా పనివారు అయిదునెలలు సమ్మె చేసినప్పుడు, పత్రము లేనివారిని వారి స్థానములో దింపుటకు ఈ చట్టమే యజమానులకు అడ్డమైనది. నిపుణుల కొరతను చట్టమే కల్పించినదని కొందరు వాదించవచ్చును. తూర్పు ఐరోపానుండి కొత్తగా వచ్చినవారిని దూరముంచుటకును అది ఉపయోగపడినదను మాట నిజమే. అయినను గాలి, కప్పు, మందుగుండు తెలియనివానిని లోపలికి దింపి కొరత తీర్చితిమనుట నాకు సమ్మతము కాదు.

మన దేశపు గనులలోను సర్దారు, ఓవర్‌మన్, మేనేజరు పదవులకు ప్రమాణపత్రములు కావలెను. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు తీయుట మొదలైన సింగరేణి గనుల పరిసరములలోని ఉపాధ్యాయులకు ఈ పరీక్షలు వ్రాసినవారి పిల్లలు తరగతిలోనే కనిపింపవచ్చును. అట్టి పరీక్షకు తగిన లెక్క ఒకటి ఇది. 1891 నాటి పెన్సిల్వేనియా చట్టము ఒక్కొక్క మనిషికి నిమిషమునకు 200 ఘనపు అడుగుల గాలి అందవలెనన్నది. 40 చదరపు అడుగుల సొరంగములో గాలి నిమిషమునకు 250 అడుగుల వేగముతో పోవుచున్నచో, 10,000 ఘనపు అడుగులు. అనగా 50 మందికి చాలును.

గాలివేగము కొలుచు సాధనము లేని రోజులలో చిటికెడు తుపాకిమందు కాల్చి, ఆ పొగ తెలిసిన దూరము పోవుటకు పట్టిన కాలమును గడియారములో చూచెడివారు. పాఠశాల నడవలో అగరువత్తి పొగతో దీనిని చేయవచ్చును. పది అడుగులకు గుర్తులు పెట్టి, సెకండ్లు లెక్కించి, నడవ వెడల్పును ఎత్తుతో హెచ్చవేసిన వైశాల్యమును తీసికొనుడు.