పాత ఆల్టో, జేబులో 12 వేలు

తలుపు తీయండి. హ్యాండిల్ మీద చెయ్యి ఎక్కువసేపు ఉంచకండి, కాలుతుంది. మే నెల, విజయవాడ. పదకొండు కూడా కాలేదు, అప్పుడే బయట ఎండ 40 దాటింది. లోపల మగ్గిన వేడి ఒక్కసారిగా మొహానికి కొడుతుంది. వెంటనే కూర్చోకండి. అవతలి వైపు అద్దం దించి, మీ వైపు తలుపు నాలుగైదుసార్లు తీసి వేయండి. వేడంతా అటునుంచి అటే పోతుంది. ఇప్పుడు కూర్చోండి.

కూర్చోగానే నడుము గుంటలోకి దిగుతుంది. సీటు మధ్యలో ఫోమ్ ఎప్పుడో చచ్చిపోయింది. స్టీరింగ్ చేతికి జిగటగా అంటుకుంటోంది. తాళం తిప్పండి. మొదటిసారికే అందుకుంది, ఆ గుణం దీనిది. 2009 ఆల్టో, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం నడిమి అద్దంలో వెనక బండ్లన్నీ వణుకుతూ కనిపిస్తాయి. డాష్‌బోర్డు గలగలమంటుంది. బానెట్ మీద ఎరుపు వెలిసి గులాబీ అయింది. హెడ్‌లైట్లు పసుపెక్కాయి.

అయినా మీరు దీన్ని అమ్మడం లేదు. 15 ఏళ్లు నిండాక ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి, ఆర్సీ ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించుకున్నారు. ఒకప్పుడు ఆ ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు. అంత కట్టిన మనిషి ఐదేళ్లూ ఈ గుంటలో కూర్చుని తిరగక్కర్లేదు. జేబులో 12 వేలున్నాయి. పదండి ఆటోనగర్‌కి.

బందరు రోడ్డు మీంచి గేటు దాటి లోపలికి తిరగ్గానే చెవులు నిండిపోతాయి. రేకుల మీద సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, పెయింటు వాసన. లారీలకు బాడీలు కట్టే ఊరిది. చిన్న కారుకి కూడా ఇక్కడ చోటుంది. యాక్సెసరీస్ షాపు ముందు ఆపీ ఆపకముందే కుర్రాడు వచ్చేస్తాడు.

“రండి సార్. బండి మంచి కండిషన్లో ఉంది. క్రోమ్ కొట్టిద్దామా? లోపల బ్లూ లైట్ పట్టీ? డబుల్ హారన్ కొత్తగా వచ్చింది, వినండి.”

వినకండి. షాపు గోడ నిండా తళతళలాడేవే వేలాడుతున్నాయి, కన్ను అటే లాగుతుంది. క్రోమ్ పట్టీ చూసేది ఎవరు? రోడ్డు మీద పోయేవాళ్లు. మీరుండేది లోపల, రోజూ గంటా గంటన్నర. మీ వీపుకి తగిలేవి, అరికాలికి తగిలేవి, చేతికి తగిలేవి, మీరు వేటిలోంచి రోడ్డు చూస్తారో అవీ ముందు. మిగిలితే తళుకు.

“పోనీ సన్‌ఫిల్మ్ అయినా వేయించుకోండి సార్. ఈ ఎండకి బతికిపోతారు.”

ఈ మాటకి ఎవరికైనా మనసు ఊగుతుంది, మెడ వెనక ఇంకా చెమట కారుతూనే ఉంది. ఒక్క క్షణం ఆగండి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు ఫిల్మ్ అతికించడమే కూడదంది, మే 4 నుంచి అమలు చేయమంది. అద్దం ఫ్యాక్టరీలో తయారైనప్పుడే ముందూ వెనకా కనీసం 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు లోపలికి రానివ్వాలన్నది మోటారు వాహనాల నిబంధన. నల్లఫిల్మ్ వేసుకుని రాత్రి వానలో రివర్స్ చేసిచూడండి, ఆ నిబంధన ఎందుకొచ్చిందో మెడ తిప్పగానే తెలుస్తుంది. ఫిల్మ్ వద్దనండి. బండి నిలిపినప్పుడు ముందద్దం లోపల నిలబెట్టే వెండిరంగు షేడ్ తీసుకోండి. అడ్డుపెట్టింది తీసేయడం క్షణం పని.

ఏసీ సంగతి కూడా ఇక్కడే చూసుకుందాం. బానెట్ ఎత్తించి, రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి తొంగిచూడండి. సన్నటి రేకుల మధ్య మట్టి, ఎండిన పురుగులు, దూది లాంటి చెత్త. వేడి బయటికి పోయే దారే మూసుకుపోయింది. గ్యాస్ నింపమనే ముందు దీన్ని నీళ్లతో కడగమనండి. నీటి ధార మెల్లగా ఉండాలి, గట్టిగా కొడితే రేకులు వంగిపోతాయి. కిందికి ఎర్రమట్టి నీళ్లు కారుతాయి, కారుతూనే ఉంటాయి. కడగడం అయ్యాక బ్లోయర్ ముందు చెయ్యి పెట్టండి. తేడా వేళ్లకే తెలుస్తుంది. తలుపుల బీడింగ్ నాలుగుచోట్ల ఎండి పగిలింది, అదీ మార్పించండి. షేడ్‌తో కలిపి మొత్తం తొమ్మిది వందలు.

ఇప్పుడు సీటు. రెండు వీధుల అవతల, చింతచెట్టు కింద సీట్లు కుట్టే పెద్దాయన ఉన్నాడు. ఆయన ముందు కవరు చూపించడు. సీటు మధ్యలో పిడికిలి పెట్టి నొక్కుతాడు. “మీరూ నొక్కండి బాబూ” అంటాడు. నొక్కితే అడుగున ఇనప తీగ తగులుతుంది. పాత కవరు విప్పగానే పసుపు పొడి రాలుతుంది. ఇన్నేళ్లూ మీరు కూర్చున్న ఫోమ్ అది, వేళ్ల మధ్య నలిపితే పిండైపోతోంది.

“దీనిమీద ఎంత ఖరీదైన కవరేసినా గుంట గుంటే” అంటాడాయన. “ముందు కండ పెడదాం. చొక్కా తర్వాత.”

గుంట ఉన్నమేరకే పాత ఫోమ్ కోసి, గట్టి ఫోమ్ ముక్క అతికిస్తాడు. పైన మెత్తటిది పల్చగా ఇంకో పొర. తొడలకింద అంచు కొంచెం ఎత్తు చేస్తాడు. మిమ్మల్ని కూర్చోబెట్టి, “క్లచ్ పూర్తిగా తొక్కండి” అంటాడు. తొక్కుతారు. తొడ వెనక అంచు ఒత్తుకుంటోంది. చెబుతారు. ఆయన దిగమని, కత్తితో ఒక పలక తీసేసి మళ్లీ కూర్చోమంటాడు. ఇలా మీ ఒంటికి కొలిచి చేసే పని కొత్తకారు షోరూములో కూడా దొరకదు. ఇక్కడ తొందరపడకండి. మూడోసారి ఒత్తుకుందన్నా ఆయన విసుక్కోడు.

కవరుకి రెక్సిన్ అడగాలనిపిస్తుంది, తుడిస్తే పోతుందని. ఈ ఎండలో రెక్సిన్ మీద కూర్చుంటే వీపు అతుక్కుపోతుంది. గుడ్డ తీసుకోండి. ముందు రెండు సీట్ల ఫోమూ, అన్నిటికీ గుడ్డ కవర్లూ, నాలుగున్నర వేలకు ఒప్పుకున్నాడు.

వణుకుడు మిగిలింది. మూడు సిలిండర్ల బండి కాస్త వణకడం సహజమే. అద్దంలో బండ్లు రెండుగా కనబడేంత వణికితే అది ఇంజన్ తప్పు కాకపోవచ్చు, దాని కిందున్న రబ్బరు మౌంటింగులు అరిగిపోయి ఉండొచ్చు. మెకానిక్ బానెట్ ఎత్తి, మిమ్మల్ని హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కిపట్టి, మొదటి గేరులో క్లచ్ కొంచెమే వదలమంటాడు. పక్కనున్నవాణ్ణి తొంగిచూడమనండి. ఇంజన్ ఒక పక్కకి ఎగిరి లేస్తోంది! పాతది విప్పి మీ చేతిలో పెడతాడు. రబ్బరు నిలువునా చీలి, ఇనుమూ ఇనుమూ రాసుకున్న చోట మెరుస్తోంది. కొత్తవి వేసేసరికి సాయంత్రమైంది. మూడు వేలయింది. స్టార్ట్ చేయండి. స్టీరింగ్ మీద చేతులు పెట్టండి. డాష్‌బోర్డు గలగల కూడా సగం తగ్గిందే! దాన్ని ఊపుతున్నదీ ఇదే.

రంగు పని గురించి ఒక్కమాట. రబ్బింగ్ చేస్తే ఆ గులాబీ పోయి ఎరుపు మళ్లీ లేస్తుంది, నిజమే. కానీ రబ్బింగంటే వెలిసిన పెయింటు పొరని అరగదీయడమే. బండి మీదున్న మొత్తం పెయింటు దాదాపు వెంట్రుక మందం ఉంటుంది. ఏటా అరగదీస్తే అంచుల దగ్గర ప్రైమర్ బయటపడుతుంది. ఒకసారి చేయించి, తర్వాత వ్యాక్స్‌తో కాపాడుకోండి. 1800.

బయల్దేరబోతుంటే షాపు కుర్రాడు పరిగెత్తుకొస్తాడు. “సార్, మ్యాట్ ఫ్రీ!” మందపాటి నల్ల రబ్బరు మ్యాట్. మీరు కాదనేలోపే డ్రైవరు కాళ్లకింద, పాత మ్యాట్ మీదే పరిచేశాడు. బాగుంది. మెత్తగా కూడా ఉంది.

పటమట దాటారు. బెంజి సర్కిల్ దగ్గర ఎడమకు తిరిగి హైవే ఎక్కారు. ఇల్లు మంగళగిరి. వారధి మీదికి వచ్చేసరికి కృష్ణ మీంచి గాలి. సీటు నడుముని పట్టుకుని ఉంది. ముందు ఇసుక లారీ మెల్లగా పోతోంది. కుడి లేను ఖాళీ. దాటేద్దామని యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కుతారు. 60. 65. లారీ వెనకబడింది.

కాలు తీస్తారు.

బండి తగ్గదు.

70. కాలు గాల్లోనే ఉంది. ఇంజన్ ఇంకా లాగుతోంది. ముందు బస్సు. దాని ఎర్రలైట్లు వెలిగాయి.

75.

కిందికి వంగాలనిపిస్తుంది. వంగకండి. తాళం పీకేయాలనిపిస్తుంది. వద్దు. తాళం ఊడితే స్టీరింగ్ బిగుసుకుంటుంది.

క్లచ్. పూర్తిగా.

ఇంజన్ అరుస్తుంది. అరవనివ్వండి.

గేరు న్యూట్రల్.

బ్రేకు. గట్టిగా. వదలకండి. పంపు చేయకండి.

బస్సు దగ్గరవుతోంది. ఇంకా దగ్గర. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. తగ్గుతోంది. 50. 30. అద్దం చూడండి. ఎడమ ఇండికేటర్. లారీని పోనివ్వండి. ఎడమ అంచుకి. ఆగింది. నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఇప్పుడు తాళం తిప్పి ఇంజన్ ఆపేయండి.

ఊపిరి తీసుకోండి. కుడి వైపు బండ్లు దూసుకుపోతున్నాయి, అటు దిగకండి. పక్క సీట్లోంచి ఎడమకు దిగి, తొంగిచూడండి. కింది మ్యాట్ మీద పై మ్యాట్ జారింది. మీ మడమే దాన్ని ఈ కాసేపట్లోనే ముందుకి తోసింది. దాని ఎత్తయిన అంచు పెడల్ మీదికెక్కి కూర్చుంది. రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది. అంతే.

పంపు చేయొద్దని ఎందుకన్నానంటే, మన కాలికి బ్రేకు తేలిగ్గా అనిపించేది ఇంజన్ లాగే వాక్యూమ్ సాయంతో. యాక్సిలరేటర్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ వాక్యూమ్ పడిపోతుంది. బూస్టర్లో మిగిలింది రెండు తొక్కుళ్లకు సరిపోతే గొప్ప. అందుకే తొక్కితే ఒక్కసారే, ఆగేదాకా.

పాత బండి కాబట్టి ఇలా అయిందనుకోకండి. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్‌డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు ఇలాగే ఆగక నలుగురు చనిపోయారు. వేరే మోడల్ మ్యాట్ అందులో వేశారు, అది యాక్సిలరేటర్‌ని పట్టేసింది. ఆ తర్వాత టయోటా అక్కడ 38 లక్షల కార్ల యజమానులను మ్యాట్లు తీసేయమని హెచ్చరించింది. ఖరీదైన బండికైనా చౌక బండికైనా పెడల్‌కీ మ్యాట్‌కీ మధ్య ఉండేది వేలెడు జాగానే.

మర్నాడు మళ్లీ ఆటోనగర్. కుర్రాడికి జరిగింది చెప్పండి, అరవకండి. వాడి మొహం తెల్లబోతుంది. రెండు మ్యాట్లూ తీయించి, ఆల్టో కొలతకే కోసిన ఒకే ఒక్క మ్యాట్ వేయించండి. వెనక అంచు కార్పెట్‌కి క్లిప్పులతో బిగించాలి. బిగించాక పెడల్ అడుగుదాకా తొక్కి వదిలి చూడండి. చేత్తో మ్యాట్ ముందుకి లాగి మళ్లీ చూడండి. ఇకనుంచి బండి కడిగించిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి. ఆరువందలు.

“హెడ్‌లైట్ డల్‌గా ఉంది కదా సార్, 100/90 బల్బ్ వేద్దామా? పగలే!”

మీ బండి బల్బు 60/55 వాట్లది. 12 వోల్టుల మీద రెండు దీపాలకూ కలిపి 10 ఆంపియర్లు పారే తీగ అది. 100 వాట్లవి వేస్తే 17 దాకా పారుతుంది. పదిహేనేళ్ల నాటి తీగ, పదిహేనేళ్ల నాటి ప్లాస్టిక్ హోల్డరు. ముందు వాసన వస్తుంది, తర్వాత కరుగుతుంది. ఎదుటివాడి కళ్లలో పొడవడం వేరే. వద్దనండి. మీ బల్బు బాగానే ఉంది, గుడ్డిదైంది దాని ముందున్న ప్లాస్టిక్ అద్దం. ఎండకి పై పొర కాలిపోయి పసుపెక్కింది.

పెయింటరు చుట్టూ టేపు అంటించి, నీళ్లు చల్లి, 800 నంబరు వాటర్ పేపరుతో రుద్దుతాడు. పసుపు రంగు పాలలాంటి నీళ్లు బంపరు మీదికి కారుతాయి. అద్దం ఇంకా మసకబారుతుంది. గాభరా పడకండి. 1500, ఆ తర్వాత 2000, ఆపైన పాలిష్. లోపలి బల్బు స్పష్టంగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే డబ్బిచ్చి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. పైన యూవీని ఆపే క్లియర్ కోట్ కొట్టమనండి, లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపు. ఐదువందలు.

లెక్క చూసుకోండి, చేతిలో ఇంకా ఏడువందలున్నాయి. కుర్రాడి కన్ను స్పాయిలర్ మీదుంది, మీకూ కొంచెం ఉంది. ముందద్దం మీద నీళ్లు చల్లి వైపర్ వేయండి. ఎండకి రబ్బరు గట్టిపడి, సరిగ్గా మీ కంటి ఎత్తులో నీటిచార వదిలేస్తోంది. జూన్ రెండు వారాల్లో ఉంది. రెండు బ్లేడ్లూ మార్చమనండి.