పేరు మారిన పదవులు, కదలని మెట్లు: ప్రభుత్వ వైద్య ఆరోగ్య శాఖలో ఉద్యోగ సౌకర్యాలు, పదోన్నతి - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రభుత్వ వైద్య ఆరోగ్య శాఖ చరిత్రను ఆసుపత్రుల స్థాపన, అంటువ్యాధుల నియంత్రణ, పథకాల అమలు అనే కోణాల నుండి చూడటం పరిపాటి. ఆ ఆసుపత్రులను, పథకాలను నడిపిన ఉద్యోగుల జీతం, సెలవు, పింఛను, పదోన్నతి ఏ విధంగా రూపొందాయనే ప్రశ్న చాలాసార్లు పక్కన ఉండిపోతుంది. వలస పాలన కాలం నాటి ఇండియన్ మెడికల్ సర్వీసు నుండి 2020లో వెలువడిన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వరకు ఈ అంశాన్ని తెలుగు ప్రాంతాల అనుభవంతో కలిపి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఉద్యోగ సౌకర్యాలు కాలక్రమంలో కింది శ్రేణులకు విస్తరించినా, వృత్తి ఉన్నతి మాత్రం ఉద్యోగంలో చేరేనాటి అర్హతకే కట్టుబడి ఉండిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వైద్య ఆరోగ్య శాఖ, పదనామం, పదోన్నతి, ఏఎన్ఎం, జుంగల్‌వాలా కమిటీ, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం.

1. ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఉద్యోగినిని జనం 'నర్సమ్మ' అంటారు. శాఖ దస్త్రాలలో ఆమె పేరు ఒకటి కాదు. ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్, గ్రామ సచివాలయ వ్యవస్థ వచ్చిన తరువాత ఏఎన్ఎం గ్రేడ్-3 అనే పేర్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. మందులు కలిపి ఇచ్చిన కాంపౌండరు స్థానంలో 1948 ఫార్మసీ చట్టం తరువాత ఫార్మసిస్టు వచ్చాడు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సు 2016లో నర్సింగ్ ఆఫీసరు అయింది. ఇన్ని పదనామాలు మారినా ప్రజల వాడుకలో నర్సమ్మ నర్సమ్మగానే నిలిచింది. పదనామం మారినప్పుడల్లా ఉద్యోగి స్థానం కూడా మారిందా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి రెండు భావనలను వేరు చేసుకోవాలి. జీతం, భత్యాలు, సెలవు, వైద్య ఖర్చుల చెల్లింపు, పింఛను వంటివి ఉద్యోగ సౌకర్యాలు. మరింత బాధ్యత, అధికారం, నైపుణ్యం గల పదవికి చేరే అవకాశం వృత్తి ఉన్నతి. మొదటిది ఉద్యోగి జీవనానికి భద్రత. రెండవది అతని అనుభవానికి శాఖ ఇచ్చే విలువ. ఈ రెండూ ఒకే వేగంతో సాగలేదు.

2. వలస పాలనలో రెండు నిచ్చెనలు

1764లో బెంగాల్‌లో మొదలై, తరువాత మూడు ప్రెసిడెన్సీలలో విడివిడిగా నడిచిన వైద్య సేవలు 1896లో ఇండియన్ మెడికల్ సర్వీసుగా ఏకమయ్యాయి. 1855 నుండి లండన్‌లో పోటీ పరీక్ష ద్వారా ప్రవేశం కల్పించారు. సైనిక హోదా, దీర్ఘకాల సెలవు, నిర్ణీత సేవ తరువాత పింఛను ఈ అధికారులకు ఉండేవి. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో గుర్తించిన రొనాల్డ్ రాస్ ఈ సర్వీసు అధికారి. 1881లో చేరిన ఆయన, 1888-89లో సెలవుపై ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా, సూక్ష్మజీవశాస్త్రంలో శిక్షణ పొందాడు. 1899లో సర్వీసు నుండి వైదొలిగాడు. సెలవు అనే సౌకర్యం ఉన్నత శ్రేణి అధికారికి చదువుకునే అవకాశంగా ఎలా పరిణమించిందో ఆయన జీవితం చూపుతుంది. అదే ప్రయోగంలో దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్‌ఖాన్‌కు దక్కింది దోమకు ఒక అణా. అతడు శాఖ ఉద్యోగి కాడు గనుక ఈ పోలికను అంతకు మించి సాగదీయకూడదు. అయినా వైద్య పరిశోధన ఫలితం ఎవరి సేవా పుస్తకంలోకి ఎక్కిందో ఈ ఉదంతం స్పష్టం చేస్తుంది.

రెండవ నిచ్చెన వైద్య పాఠశాలల్లో చదివినవారిది. 1902లో విశాఖపట్నంలో నెలకొన్న వైద్య పాఠశాల వంటి సంస్థలు లైసెన్షియేట్ వైద్యులను తయారుచేశాయి. సబ్-అసిస్టెంట్ సర్జనుగా చేరినవారు తాలూకా ఆసుపత్రుల భారాన్ని మోశారు. వారు పై శ్రేణికి ఎక్కడం అరుదు. 1923లో విశాఖ పాఠశాల స్థానంలో ఆంధ్ర వైద్య కళాశాల ఏర్పడినప్పుడు, ఈ ప్రాంత విద్యార్థులకు డిగ్రీ మార్గం దగ్గరైంది. అప్పటికే లైసెన్సుతో చేరినవారి హోదా దానివల్ల మారలేదు. 1933 నాటి ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం లైసెన్షియేట్లను అఖిల భారత పరిధి నుండి బయట ఉంచడంతో ఈ విభజనకు చట్టబద్ధత కూడా లభించింది.

అర్హత పత్రం ఒక జీవితాన్ని ఎంతగా నిర్ణయించిందో యల్లాప్రగడ సుబ్బారావు ఉదంతం తెలియజేస్తుంది. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. లభించింది. మద్రాసు మెడికల్ సర్వీసులో చేరే ప్రయత్నం ఫలించలేదు. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసి, తరువాత అమెరికా వెళ్లారు. ప్రభుత్వ సేవ ఆయనను అందుకోలేకపోయింది.

మహిళా వైద్యులకు ఇండియన్ మెడికల్ సర్వీసు తలుపులు మూసి ఉన్నందున, 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి ఆధ్వర్యంలో 1914లో ప్రత్యేకంగా విమెన్స్ మెడికల్ సర్వీసు ఏర్పాటైంది. విశాఖపట్నంలో 1890లో జన్మించిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ ఇందులో చేరిన తొలి భారతీయ మహిళ. తరువాత ఆమె ఆ సర్వీసుకే చీఫ్ మెడికల్ ఆఫీసరు అయ్యారు. నిచ్చెన అంటూ ఉంటే పైదాకా ఎక్కగల సామర్థ్యానికి కొరత లేదని దీనివల్ల గ్రహించవచ్చు.

3. భోర్ నుండి జుంగల్‌వాలా వరకు

1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ బ్రిటిష్ ఇండియాలో 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు ఉన్నట్లు లెక్కించింది. సిబ్బంది కొరతను ఎత్తిచూపిన ఈ నివేదిక, ప్రభుత్వ వైద్యులు పూర్తికాల జీతంపై పనిచేయాలని, ప్రైవేటు ప్రాక్టీసును నిషేధించాలని సూచించింది. లైసెన్షియేట్ శిక్షణను రద్దు చేసి ఒకే స్థాయి వైద్యుడిని తయారుచేయాలని కూడా ప్రతిపాదించింది. దీనితో వైద్యులలో రెండు శ్రేణుల సమస్యకు ముగింపు దొరికింది. అయితే వైద్యుడికి, మిగిలిన సిబ్బందికి మధ్య దూరం పెరగడానికి కూడా ఇదే ప్రారంభమైంది. వైద్యుడు కావడానికి ఒకే ద్వారం మిగిలినప్పుడు, కింది శ్రేణిలో చేరినవారికి ఆ దిశగా ఏ దారీ లేకుండా పోయింది.

సేవా నిబంధనలను ప్రధానాంశంగా తీసుకున్న నివేదిక 1967 నాటి జుంగల్‌వాలా కమిటీది. ఏకీకృత క్యాడరు, ఉమ్మడి సీనియారిటీ, అదనపు అర్హతలకు గుర్తింపు, సమాన పనికి సమాన వేతనం, ప్రత్యేక పనికి ప్రత్యేక భత్యం, ప్రైవేటు ప్రాక్టీసు నిషేధం, సేవా పరిస్థితుల మెరుగుదల అనేవి ఆ కమిటీ సూచనలు. ఆరోగ్య సేవల సమన్వయం కోసం నియమితమైన కమిటీ ఉద్యోగుల సేవా నిబంధనలను అందుకు పునాదిగా భావించడం గమనార్హం. విభాగాలు వేర్వేరుగా ఉన్నంతకాలం సీనియారిటీ జాబితాలు కూడా వేర్వేరుగా ఉంటాయని, జాబితా చిన్నదైనకొద్దీ పదోన్నతి అదృష్టంగా మారుతుందని ఆ సూచనల వెనుక ఉన్న తర్కం.

4. బహుళ ప్రయోజన కార్యకర్త: పదనామం, నిష్పత్తి

1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియా నిఘా కార్యకర్తలు, టీకాలు వేసేవారు, కుటుంబ నియంత్రణ సహాయకులు మొదలైనవారిని పురుష ఆరోగ్య కార్యకర్తలుగా, ఏఎన్ఎంలను మహిళా ఆరోగ్య కార్యకర్తలుగా మార్చాలని సిఫారసు చేసింది. 50,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని కింద 16 ఉపకేంద్రాలు, ముగ్గురు నలుగురు కార్యకర్తలకు ఒక పర్యవేక్షకుడు లేదా పర్యవేక్షకురాలు ఉండాలన్నది దాని రూపకల్పన. జనం దృష్టిలో ఇది మేలైన ఆలోచన. ఒకే ఇంటికి మలేరియా మనిషి, టీకాల మనిషి, కుటుంబ నియంత్రణ మనిషి వేర్వేరుగా రావలసిన అవసరం తగ్గింది. ఉద్యోగి దృష్టిలో మాత్రం, వేర్వేరు పథకాలలో వేర్వేరు తేదీలలో చేరినవారు ఒకే జాబితాలోకి రావలసి వచ్చింది.

నిష్పత్తిని గమనిస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. నలుగురికి ఒక పర్యవేక్షక పదవి ఉంటే, ఆ నలుగురిలో ఒకరికే పైమెట్టు దొరుకుతుంది. తరువాతి దశలో మైదాన ప్రాంతాలలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం అనే ప్రమాణం వచ్చినప్పుడు, ఆరు ఉపకేంద్రాలకు ఒక మహిళా పర్యవేక్షకురాలు మిగిలింది. ఉపకేంద్రాలు పెరిగి ప్రజలకు సేవ దగ్గరైన కాలంలోనే నర్సమ్మకు పైమెట్టు మరింత దూరమైంది. ఆ మెట్టుకు ఆరు నెలల పదోన్నతి శిక్షణ ఉన్నా, శిక్షణకు పంపడం ఖాళీల మీద ఆధారపడి ఉండేది. ముప్పై ఏళ్లు ప్రసవాలు చేసిన అనుభవం స్టాఫ్ నర్సు పదవికి అర్హతగా లెక్కకు రాలేదు. దానికి వేరే డిప్లొమా కావాలి.

5. పదోన్నతికి బదులుగా వేతన మెట్టు

ఆరోగ్య మంత్రిత్వ శాఖలోని వైద్యేతర శాస్త్రవేత్తలు పదోన్నతి అవకాశాల కోసం వేసిన ఓ.జెడ్. హుస్సేన్ కేసులో, పదోన్నతి ఉద్యోగంలో సహజ భాగమని, ఎదుగుదల లేని స్తబ్ధత ప్రజాసేవ సామర్థ్యాన్నే తగ్గిస్తుందని సుప్రీంకోర్టు పేర్కొంది. 1990 నాటి న్యాయ నివేదికలలో ప్రచురితమైన ఈ తీర్పు ఆరోగ్య శాఖ నుండే పుట్టడం విశేషం. ఎదుగుదలను ఉద్యోగి కోరికగా కాక సంస్థ అవసరంగా చూడటం దీని ప్రత్యేకత.

ప్రభుత్వాలు ఎంచుకున్న పరిష్కారం వేరు. పదవులు పెంచడానికి బదులు కాలబద్ధంగా వేతన మెట్టు పెంచే పద్ధతి విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద 8, 16, 24 సంవత్సరాలకు లభించిన మెట్లు 2010 వేతన సవరణలో 6, 12, 18, 24 సంవత్సరాలకు మారాయి. కేంద్రంలో 2008 నుండి ఇది 10, 20, 30 సంవత్సరాలకు లభిస్తోంది. అదే కేంద్రంలో సెంట్రల్ హెల్త్ సర్వీసు వైద్యులకు 2002లో మొదలై 2008లో విస్తరించిన డైనమిక్ ఏ.సి.పి. పథకం 4, 5, 4, 7 సంవత్సరాల వ్యవధులతో, ఖాళీలతో నిమిత్తం లేకుండా, ఇరవై ఏళ్లలో నాలుగు పదోన్నతులు కల్పించింది. అదే ఆసుపత్రిలో అదే ఇరవై ఏళ్లు పనిచేసిన నర్సుకు దక్కే హామీ రెండు వేతన మెట్లు మాత్రమే. ఆమె పదవి, బాధ్యత, నిర్ణయాధికారం ఆ మెట్లతో మారవు. వైద్యులకు ఇచ్చిన వెసులుబాటు అన్యాయమని కాదు. గ్రామీణ సేవకు వైద్యులను నిలుపుకోవడానికి అది అవసరం. అటువంటి ఆలోచన మిగిలిన శ్రేణులకు విస్తరించకపోవడమే లోపం.

పదవీ విరమణ వయసు కూడా ఈ సమస్యలో భాగమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో దానిని 58 నుండి 55కు తగ్గించి, తరువాత పునరుద్ధరించారు. విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. పైస్థానంలో ఉన్నవారికి ఇది సౌకర్యం. వారి వెనుక వరుసలో నిలిచినవారికి అదే నిరీక్షణ.

6. చదువు ద్వారా ఉన్నతి

సర్వీసులో ఉన్న వైద్యులకు పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులలో కోటా కల్పించడం ఈ శాఖలో అత్యంత ఫలవంతమైన వృత్తి ఉన్నతి మార్గం. గ్రామీణ, గిరిజన ప్రాంతాలలో పనిచేసినవారికి స్పెషలిస్టు అయ్యే దారి ఇది. 2016లో దినేష్ సింగ్ చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, వైద్య మండలి నిబంధనలు ప్రోత్సాహక మార్కులనే అనుమతిస్తాయని తీర్పు చెప్పడంతో ఈ కోటా సందిగ్ధంలో పడింది. 2020 ఆగస్టు 31న తమిళనాడు మెడికల్ ఆఫీసర్స్ అసోసియేషన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ఇటువంటి కోటా కల్పించే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. సేవానుభవాన్ని ఉన్నత విద్యకు అర్హతగా లెక్కించవచ్చన్న సూత్రం ఈ విధంగా నిలిచింది. ఏఎన్ఎం నుండి నర్సుగా, నర్సు నుండి ప్రజారోగ్య అధికారిగా మారే మార్గానికి కూడా ఇదే సూత్రం వర్తించగలదు.

7. 2004 తరువాత

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి చేరిన ఉద్యోగులకు పాత పింఛనుకు బదులు చందాతో కూడిన పింఛను పథకం వర్తించింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమైన తరువాత రెండవ ఏఎన్ఎం కాంట్రాక్టు ఉద్యోగిగా వచ్చింది. అందువల్ల ఒకే ఉపకేంద్రంలో ఒకే రిజిస్టరు రాసే ఇద్దరిలో ఒకరికి సేవా పుస్తకం, ఇంకొకరికి ఏటేటా పునరుద్ధరించే ఒప్పందం అనే స్థితి ఏర్పడింది. 2006లో ఉమాదేవి కేసు తీర్పు క్రమబద్ధీకరణకు హద్దులు గీసింది. 2016లో జగ్జీత్ సింగ్ కేసు తీర్పు తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతన సూత్రం వర్తిస్తుందని స్పష్టం చేసింది. జుంగల్‌వాలా కమిటీ అదే సూత్రాన్ని ఆరోగ్య శాఖకు సూచించి అప్పటికి దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు ఉద్యోగులు జీతాలను 010 పద్దు కింద ఖజానా నుండి చెల్లించాలని కోరుతూ రావడం కూడా, ఒకే పని చేసేవారు వేర్వేరు పద్దుల కింద ఉండటం వల్ల తలెత్తిన సమస్యే.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, సెలవు, పింఛను, వైద్య సదుపాయం వంటివి వలస కాలపు ఉన్నత శ్రేణి నుండి క్రమంగా కింది శ్రేణులకు విస్తరించాయి. 2004 తరువాత మాత్రం ఈ విస్తరణ వెనుకపట్టు పట్టింది. రెండవది, కమిటీలు పనిని పునర్వ్యవస్థీకరించిన ప్రతిసారీ పదనామాలు మారాయి, పై పదవుల నిష్పత్తి మెరుగుపడలేదు. మూడవది, వేతన మెట్టు ఉద్యోగి కుటుంబానికి ఊరట కలిగించినా, అతని అనుభవాన్ని ఆసుపత్రి నిర్ణయాలలోకి తీసుకురాలేదు.

సర్వీసు వైద్యుల కోటా విషయంలో అంగీకరించిన సూత్రాన్ని, అంటే క్షేత్రానుభవం కూడా ఒక అర్హతే అన్న భావనను, మిగిలిన శ్రేణులకు వర్తింపజేసినప్పుడే ఈ అసమానత తగ్గుతుంది. ఉపకేంద్రంలో పాతికేళ్లు పనిచేసిన నర్సమ్మకు ఆ మండలంలోని గర్భిణుల, శిశువుల, వృద్ధుల ఆరోగ్య స్థితి ఏ నివేదికకన్నా బాగా తెలుసు. ఆమె చేరిన పదవిలోనే విరమణ పొందిన రోజున ఆ జ్ఞానం శాఖ చేజారిపోతుంది. ఈ చరిత్రలో శాఖ నష్టపోయింది అటువంటి జ్ఞానాన్నే.