జానకి పాటకు పొలిమేర లేదు, ప్రేమకు ఉంది



ఎస్.జానకి గొంతు తీయదనం మీద వ్యాసాలు కుప్పలు. ఆ గొంతులో ఎవరి ప్రేమలు పలికాయని అడిగినవాళ్లు తక్కువ. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేను చదివిన శృంగార కావ్యాల్లో మా వాడ ఆడపిల్ల నాయికగా కనపడలేదు. అందుకే ఈ వారం సినిమా పాట దగ్గరికి వచ్చాను.

గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో పుట్టిన జానకి, 1957లో తమిళ సినిమాతో మొదలుపెట్టి అదే ఏడాది తెలుగులోకి వచ్చింది. సినిమా ఎం.ఎల్.ఏ. దర్శకుడు కె.బి.తిలక్, రచన ఆరుద్ర, సంగీతం పెండ్యాల. ఘంటసాలతో కలిసి ఆమె పాడిన ఆ విఫల ప్రేమ పాట పల్లవి ఒక లంబాడా యువకుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. అంటే ఇంత పెద్ద ప్రేమగీతాల ప్రయాణం తెలుగులో ఒక తండా మనిషి పేరుతో మొదలైంది! అయితే ఆ పేరు మనిషి కోసం వచ్చిందా, ప్రాస కోసం వచ్చిందా? నా క్లాసులో కూర్చునే తండా పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇది.

1976లో పణ్ణైపురం అనే పల్లెలో దళిత కుటుంబంలో పుట్టిన ఇళయరాజా 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యాడు. ఆ మొదటి సినిమాలోనే ఆయన బాణీలకు గొంతునిచ్చింది జానకి. పొలాల్లో పుట్టిన పాట స్టూడియోలో తలెత్తుకు నిలబడింది.

ఆ ఇద్దరి చేతిలోనే 1984లో వంశీ తీసిన 'సితార'కు గోదారి వెన్నెల పాట వచ్చింది. జానకి అందుకున్న నాలుగు జాతీయ అవార్డుల్లో తెలుగుకు దక్కింది ఈ పాటకే. కథ గుర్తుందా? చితికిపోయిన రాజకుటుంబం పరువు పేరుతో ఇంట్లో మూసిపెట్టిన అమ్మాయి ఒక పగటివేషగాణ్ణి ప్రేమిస్తుంది. పాటను అందరం మెచ్చుకున్నాం. ఆ పరువును ఎందరం ప్రశ్నించాం?

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా పెళ్లి పందిరి మైకుసెట్టు ఒక్కటే. పటేలు ఇంటి మీద కట్టినా మాదిగవాడకూ, కోయగూడేనికీ వినపడుతుంది. పాటకు అంటు లేదు. అదే పాటలోలాగా బతుకుదామని గీత దాటితే కత్తి లేస్తుంది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికి చంపారు. శిక్షలు పడడానికి 2025 మార్చి దాకా పట్టింది. ప్రేమ పాట వినే హక్కు అందరికీ ఇచ్చిన సమాజం, ప్రేమించే హక్కు మాత్రం కులాన్ని బట్టి పంచుతోంది.

2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే జానకి వద్దంది. ఆలస్యంగా ఇచ్చారని, దక్షిణాది కళాకారులను చిన్నచూపు చూస్తున్నారని సూటిగా చెప్పింది. ఆ ఆత్మగౌరవం నాకు నచ్చింది. కానీ వద్దనాలన్నా ముందు ఎవరో ఒకరు ఇస్తామనాలి కదా! నాట్లలో, మిర్చి కోతల్లో, ఇప్పపూల వేళ వలపు పాటలు కట్టిన మన అమ్మమ్మలకు ఎవరు ఏం ఇస్తామన్నారు? వాళ్ల పాటల కింద పేరైనా రాశామా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ వాడలో, తండాలో, గూడెంలో ఒక ముసలమ్మ దగ్గర కూర్చోండి. పోరాట పాటే అడగకండి, ప్రేమ పాట అడగండి. ఫోనులో రికార్డు చేయండి. పాడినామె ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ రాయండి. మనం ఏడ్చాం, తిరగబడ్డాం అని చరిత్ర కొంతైనా రాసుకుంది. మనం ప్రేమించాం అని కూడా రాయాలి.

జై భీమ్.