దారి చూపిన కాపరి: తాగుడు మానగోరువారి కూడికల చరిత్ర

ఆరాంఘర్ చౌరస్తా దాటి బెంగుళూరు రహదారిపై శంషాబాద్ వైపు వెళ్లునప్పుడు గగన్‌పహాడ్ తరువాత సాతంరాయి వచ్చును. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయము ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతములో రాత్రింబగళ్లు జరుగు పనులు పెరిగినవి. ఇట్టి చోట ఒక విశ్వాసి, ఆరాధన ముగిసి అందరూ వెళ్లువరకు ఆగి, "అయ్యగారూ, ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నా మానలేకపోతున్న. ఎక్కడికి పోవాలె?" అని అడిగెననుకొందము. మనము ప్రార్థించెదము, మరల ఒట్టు వేయించెదము. "ఎక్కడికి" అను మాటకు మాత్రము మనలో అనేకుల యొద్ద జవాబు లేదు. ఆ జవాబు చరిత్రలో ఎట్లు పుట్టినదో ఈ వ్యాసములో పరిశీలింప గోరుచున్నాము.

తెలుగు నేలపై మద్యముతో పోరాటమనగానే 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమము జ్ఞాపకము వచ్చును. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా అమ్మకమును ఆపించిరి. రోశమ్మ ఆ ఉద్యమమునకు గుర్తుగా నిలిచెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. ఆ స్త్రీలు కుటుంబములకు చేసిన మేలును మేము తక్కువ చేయుట లేదు. అయితే చట్టము దుకాణమును మూయగలదు గాని, తాగుడుకు బానిసైనవాడు మరునాటి ఉదయము ఎవరితో మాట్లాడవలెనో చెప్పలేదు. మన సంఘములలోని ఒట్లకును ఇదే పరిమితి కలదు. ఒట్టు తప్పినవాడు సిగ్గుపడి మందిరమునకు రాకుండుట మనమందరము చూచినదే.

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అను న్యూయార్కు వ్యాపారి ఇదే స్థితిలో నిలిచెను. అతడు తాగుడు మాని అప్పటికి అయిదు నెలలు. వచ్చిన పని చెడినది. బస చేసిన మేఫ్లవర్ హోటలులోనే మద్యశాల ఉన్నది. మరల తాగకుండవలెనన్న తనవంటి మరియొక తాగుబోతుతో మాట్లాడవలెనని అతనికి తోచెను. హోటలులోని చర్చిల పట్టిక చూచి వాల్టర్ టంక్స్ అను ఎపిస్కోపల్ గురువుకు ఫోను చేయగా, ఆయన కొన్ని పేర్లు ఇచ్చెను. ఆ పేర్ల వెంట వెదకగా హెన్రియెట్టా సైబర్లింగ్ అను విశ్వాసురాలు దొరికెను. మరునాడు ఆమె డాక్టర్ బాబ్ స్మిత్‌ను పిలిపించెను. పదిహేను నిమిషములకే ఒప్పుకొని వచ్చిన ఆ వైద్యుడు గంటల తరబడి మాట్లాడెను. తరువాత ఒకసారి పడిపోయెను. 1935 జూన్ 10న ఆయన చివరిసారి తాగెను. ఆ దినమే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిన దినముగా ఎంచబడుచున్నది.

ఈ ఉద్యమపు వేళ్లు క్రైస్తవ సహవాసములో ఉన్నవి. లూథరన్ బోధకుడైన ఫ్రాంక్ బుక్‌మన్ ఆరంభించిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపునుండి పాపపు ఒప్పుకోలును, అన్యాయము పొందినవారితో సమాధానపడుటయు దీనిలోనికి వచ్చెను. ఏక్రన్ సభ్యులు యాకోబు పత్రికను మిక్కిలి ప్రేమించిరి. 5:16లోని పరస్పర ఒప్పుకోలు వారి కూడికకు ఆధారమైనది. 1939లో వెలువడిన వారి గ్రంథములో పండ్రెండు మెట్లు వ్రాయబడెను. ఆ సంవత్సరమునకే వారు ఆక్స్‌ఫర్డ్ గ్రూపునుండి వేరుపడి, ఏ మతస్థునికైనను తలుపు తెరచిరి. మన దేశములో ఈ కూడికలు 1957లో ఢిల్లీలో మొదలైనవి. దేవుని పేరు స్పష్టముగా చెప్పని ఈ పద్ధతిని కొందరు కాపరులు అనుమానింతురు. ఆ అనుమానము తగినదే గాని, ఈ కూడిక సంఘమునకు బదులుగా నిలువదలచలేదని వారు గ్రహింపవలెను.

నేడు జంటనగరములలో ఈ కూడికలు జరుగుచున్నవి. రుసుము లేదు. మానవలెనను కోరిక తప్ప మరే అర్హతయు అడుగరు. కొన్ని కూడికలకు ఎవరైనను వెళ్లవచ్చును; కొన్ని వ్యసనపరులకు మాత్రమే. సాతంరాయి వంటి చోట ఒకరినొకరు ఎరుగుదురు గనుక, నగరములోని కూడికకు బస్సులో పోవుట కొందరికి సుళువు. షిఫ్టు పనివారికి, 2020 తరువాత బాగుగా వ్యాపించిన ఆన్‌లైను కూడికలు కలవు. భార్యకును పిల్లలకును 1951లో ఏర్పడిన ఆలనాన్ సహాయపడును.

కాపరులకు మూడు మనవులు. ఏండ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు, మతిభ్రమణము కలిగి ప్రాణాపాయము రావచ్చును. గనుక ముందు వైద్యునికి చూపించుడి. ఉపవాస ప్రార్థన పేరిట అతనిని గదిలో బంధింపకుడి. జాతీయ సహాయ కేంద్రపు నంబరు 14446 దగ్గర నుంచుకొనుడి. రెండవది, అతడు చెప్పినది ప్రసంగములో ఉదాహరణగా వాడకుడి. మూడవది, అతడు మరల పడినయెడల మందిరపు తలుపు మూయకుడి. డాక్టర్ బాబ్ కూడ ఒకసారి పడెను.

టంక్స్ ఆ దినము చేసిన సేవ ఒక పేర్ల జాబితా ఇచ్చుటయే. మనమును దగ్గరలోని కూడిక స్థలము, దినము, గంట కనుగొని బైబిలులో వ్రాసి పెట్టుకొందము. మొదటిసారి ఆ సహోదరునితో కలిసి బస్సు ఎక్కి, అతనిని లోపలికి పంపి, అవసరమైతే బయట బల్లమీద కూర్చుందము.