బడి పాఠం, బండి లైసెన్సు

భాషా పాఠాన్నీ డ్రైవింగు శిక్షణనూ ఒకే ఉన్నత పాఠశాలలో బోధించడం మీకు వింతగా తోచవచ్చు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1930ల్లోనే ఎమోస్ నైహార్ట్ అనే ఆచార్యుడు ఉన్నత పాఠశాల విద్యార్థులకు కారు నడపడం నేర్పారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్లకే లైసెన్సు లభిస్తుంది కాబట్టి ఆ శిక్షణ బడిలో ఇమిడింది. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారుకు 18 ఏళ్లు, రవాణా వాహనానికి 20 ఏళ్లు నిండాలి. అందుకే పశ్చిమ ప్రకాశంలోని చంద్రశేఖరపురంలోనైనా, మరెక్కడైనా మన పిల్లలు తెలుగును బడిలో నేర్చుకుంటారు. స్టీరింగును బడి విడిచాక పట్టుకుంటారు.

ఒకే సంవత్సరం, రెండు ప్రశ్నలు

1914 సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఆ ఏడాది భారత మోటారు వాహనాల చట్టం వచ్చింది. అదే ఏడాది గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. విద్యార్థులు వ్యాసాలను గ్రాంథికంలో రాయాలా, వ్యవహార భాషలో రాయాలా అన్నది అప్పటి వివాదం. గిడుగు రామమూర్తి, గురజాడ వ్యవహార భాష పక్షాన నిలిచారు. చదువు జనజీవితానికి పనికిరావాలన్నది వారి వాదానికి మూలం.

రోడ్డు మీద చదువు

రోడ్డుకూ ఒక భాష ఉంది. 1909 పారిస్ ఒప్పందం గతుకు, మలుపు, కూడలి, రైలు గేటు అనే నాలుగు హెచ్చరికలకు బొమ్మ గుర్తులు నిర్ణయించింది. బొమ్మకు అక్షరజ్ఞానం అక్కరలేదు. అయితే ఊరి పేరు, దారి మళ్లింపు బోర్డు, బీమా కాగితం, సరుకు బిల్లు చదవాలంటే అక్షరం కావాలి. లెర్నర్ లైసెన్సు పరీక్షలో గుర్తులతో పాటు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు చేయవలసిన పనులు, వెంట ఉంచుకోవలసిన పత్రాలు కూడా అడుగుతారు.

ఈ అవసరం దృష్ట్యానే రవాణా వాహనం నడిపేవారికి 8వ తరగతి ఉత్తీర్ణత తప్పనిసరి అనే నిబంధన ఉండేది. దానివల్ల బండి బాగా నడపగలిగినా బడికి వెళ్లలేకపోయిన పేదలకు ఉపాధి దూరమైంది. హర్యానాలోని మేవాత్ ప్రాంతం నుంచి ఈ ఇబ్బంది కేంద్రం దృష్టికి వచ్చింది. డ్రైవింగుకు చదువుకంటే నైపుణ్యం ముఖ్యమంటూ 2019 జూన్‌లో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఆ నిబంధన తొలగింపును ప్రకటించింది. దానితోపాటు శిక్షణకు ప్రాధాన్యం పెంచాలని కూడా చెప్పింది.

ఇందులో మీరు గ్రహించవలసింది ఇది: సర్టిఫికెట్టు వేరు, చదవగలగడం వేరు. మొదటిది అడ్డుగోడగా మారితే తొలగించవచ్చు. రెండోది లేకుంటే డ్రైవరు ప్రతి కాగితానికీ ఇతరుల మీద ఆధారపడవలసి వస్తుంది. ఏం రాసి ఉందో తెలియకుండానే సంతకమో వేలిముద్రో వేయవలసి వస్తుంది. కనుక ఆ నిబంధన పోయినా తెలుగు పాఠం అవసరం పోలేదు.

స్వయం అభ్యాసం: మీకు తెలిసిన ఒక డ్రైవరు రోజంతా ఏయే రాతలను చదవవలసి వస్తుందో అడిగి తెలుసుకోండి. వాటిలో ఎన్నింటికి మీ బడిలోని తెలుగు పాఠం ఉపకరిస్తుందో పది వాక్యాలలో రాయండి.